సాక్ష్యం తర్వాత మానేసిన మాత్రలు

శ్రమకాలంలో రెండవ ఆదివారం, ఉదయం ఆరాధన. హాజరైనవారు: నేను, నా కొడుకు ప్రసాద్, కోడలు రాణి, మార్తమ్మ, ఏసోబు, ఆయన భార్య సువార్తమ్మ, వాళ్ల పిల్లలిద్దరు, సంఘంలోని మిగతా కుటుంబాలు దాదాపు అన్నీ. హయత్‌నగర్ అయ్యగారు రాలేదు. ప్రసాద్ స్వస్థత సాక్ష్యము చెప్పెను. అందరు దేవుని స్తుతించిరి.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. చిన్నప్పుడు మిషన్ బడిలో నేర్చిన భాషలోనే రాయడం అలవాటైంది. జరిగింది రాస్తాను. దాని గురించి నాకేమనిపించిందో రాయను. ఈసారి మాత్రం ఆ నాలుగు వరసలు సరిపోలేదు. ఇప్పుడు మా ఇంట్లో కొంత నెమ్మది ఉంది. రాత్రుళ్లు దగ్గు వినపడడం లేదు. విశ్వాసుల ఇళ్లలో ఇంకెవరైనా ఇదే పొరపాటు చేయబోతుంటే ఆగుతారేమోనని కూర్చుని రాస్తున్నాను. నా మనసు కుదురుకోవడానికి కూడా.

నేను ఇబ్రహీంపట్నం బస్ డిపోలో డ్రైవర్లకు డ్యూటీ చార్టులు వేసే గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. నా భార్య పోయాక కొడుకు, కోడలి దగ్గరే ఉంటున్నాను. ప్రసాద్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. చీకటితోనే లేచి బండి తీయాలి. పిల్లలను కాలేజీలో దించాక మధ్యాహ్నం దాకా ఖాళీ. మిగతా డ్రైవర్లు ఆ కాసేపు బస్సు సీట్ల మీదే నడుం వాలుస్తారు. వాడు మోటర్ సైకిల్ తీసి మన్నెగూడ దిక్కు పోతాడు. అక్కడ ప్లాట్ల మధ్య ఒక రేకుల గదిలో మా చిన్న సంఘం కూడుతుంది. జబ్బుపడ్డవాళ్లను చూసి, వాళ్ల ఇళ్లలో ప్రార్థన చేసి, మళ్లీ సాయంత్రం బండి ఎక్కుతాడు. రాత్రి కుటుంబ ప్రార్థనలు. శుక్రవారం ఉపవాసం. ఆదివారం పొద్దున వాక్యం, మధ్యాహ్నం పిల్లల బడి, సాయంత్రం పాటల సాధన. హయత్‌నగర్ నుంచి పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మిగతాదంతా ప్రసాదే.

డిపోలో ఏ డ్రైవర్‌కైనా వారంలో ఒక రోజు సెలవు లేకుండా చార్టు వేసి పంపితే పై అధికారి దాన్ని నా ముఖాన కొట్టేవాడు. నా ఇంట్లోనే ఒక డ్రైవర్ ఏళ్ల తరబడి సెలవు లేకుండా తిరిగాడు. దాన్ని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

*

డిసెంబర్. క్రిస్మస్ పాటలకు రాత్రుళ్లు ఇల్లిల్లు తిరగడం మొదలైంది. అప్పటికే ప్రసాద్‌కు దగ్గు ఉంది. వానలు వెనకబట్టినప్పటి నుంచీ ఉందని రాణి అంటుంది. నేను చలి గాలి వల్ల అనుకున్నాను. రాణి బజార్లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా నిలబడి ఇంటికొచ్చి, వాడు మళ్లీ మఫ్లర్ చుట్టుకుంటుంటే వాకిట్లో అడ్డం నిలబడింది.

"గా దగ్గు తగ్గేదాక పాటలకు పోకు."

"నేను పోకపోతే డోలక్ ఎవరు కొడ్తరు?"

"ఆ డోలకే నయం. దాన్ని రోజూ గుడ్డల చుట్టి పండవెడ్తవు. నువ్వు పండుతవా?"

వాడు నవ్వి వెళ్లాడు. నేను కూడా నవ్వాను.

కొత్త సంవత్సరం ఆరాధన తర్వాత వాడి చొక్కాలు వదులయ్యాయి. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి దిండు తడిసి ఉండేది. చివరికి వాణ్ణి దవాఖానకు తీసుకుపోయింది ఇంట్లోవాళ్లం కాదు, సలీం. వాడితో పాటు అదే కాలేజీలో బస్సు నడిపే అతను. బ్రేకు తొక్కడానికి కూడా వీడు ఆయాసపడుతున్నాడని చూసి, బండి పక్కకు పెట్టించి, తన స్కూటర్ వెనక ఎక్కించుకుని పోయాడు. కబురందుకుని నేనూ వెళ్లాను.

ప్రభుత్వ దవాఖానలో ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. అందరూ గోడకేసి చూస్తారు. ఎవరికి ఏ జబ్బో అందరికీ తెలుసు కాబట్టి. నా పక్కన ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ప్రసాద్ పేరు పిలిచాక ఆమె నెమ్మదిగా అంది, "భయపడకు. నా మనుమరాలికి తక్కువైంది. పెండ్లి గూడ అయింది." ఆమె పేరు అడగలేదు. ఆ మాట పట్టుకుని చాలా రోజులు గడిపాను.

టీబీ. మందులిచ్చే సారు ఆ మాట గట్టిగానే చెప్పాడు. మేము ఇంటికి వచ్చి తలుపు వేసుకుని చెప్పుకున్నాం. ఆరు నెలలు మాత్రలు మింగాలి, ఒక్క రోజు కూడా తప్పొద్దు, ముందుగానే తగ్గినట్టు ఉంటుంది, అప్పుడే జాగ్రత్త, అన్నాడు ఆ సారు. అది విన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

కాలేజీలో రవాణా చూసే సారుకు చెప్పక తప్పలేదు. డాక్టరు చీటీ తెచ్చేదాకా రావద్దన్నాడు. సంఘానికి మాత్రం నిమ్ము చేసిందని చెప్పాం. టీబీ అంటే ప్రభు బల్ల దగ్గర ఎవరు పక్కన నిలబడతారని ప్రసాద్ భయం. నేను కాదనలేదు.

*

శ్రమకాలం, ఈస్టర్‌కు ముందటి నలభై రోజులు. మాత్రలు పనిచేశాయి. వాడి ముఖం నిండింది. దగ్గు పోయింది. డాక్టరు చీటీ ఇచ్చాడు, బస్సు మళ్లీ ఎక్కాడు. ఇళ్లలో సాయంకాల ప్రార్థనలు మొదలయ్యాయి. ఎవరింటికి పోయినా సంఘం మా వాణ్ణి చూసి స్తోత్రం అంటోంది. ఏసోబు ప్రతి ఇంట్లోనూ అదే మాట.

"అన్నా, దేవుడు మేలు జేసినంక మూట గట్టి ఇంట్ల వెట్టుకుంటరా? సాక్ష్యం చెప్పాలె."

ఏసోబు సెంట్రింగ్ మేస్త్రి. మంచివాడు, నోరు ఊరుకోదు. మా గదికి రేకులు ఎక్కించింది అతనే.

అట్లా ఆ రెండవ ఆదివారం ప్రసాద్ నిలబడ్డాడు. చనిపోతాననుకున్న రాత్రుల గురించి చెప్పాడు. చెప్పింది అంతా నిజం. కూర్చోబోతుంటే ముందు వరసలోంచి మార్తమ్మ అడిగింది. ఆమె ఒంటరి మనిషి, కూరగాయలు అమ్ముతుంది, వాణ్ణి అయ్యా అని పిలుస్తుంది.

"అయ్యా, మందులు గూడ బంద్ అయినయా?"

వాడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నేను చూశాను.

"ఆయన ఉండంగ నాకు మందెందుకు అమ్మా," అన్నాడు.

చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ పొద్దున వాడు మాత్రలు మింగి వచ్చాడని నాకు తెలుసు. మాట వరసకు అన్నాడులే అనుకున్నాను. రాణి మాత్రం చప్పట్లు కొట్టలేదు. వాడి వైపు చూస్తూ కూర్చుంది.

*

మే నెల. కాలేజీకి సెలవులు. బస్సు పని లేదు కదా అని వాడు పిల్లల సెలవుల బైబిల్ పాఠశాల పెట్టుకున్నాడు. ఆ రేకుల కింద పొద్దంతా పాటలు, కథలు. ఒక రోజు నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే రాణి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, ఆయన గోలీలు మింగుతలేడు."

"ఎప్పటిసంది?"

"ఈస్టర్ ముందటి మట్టలాదివారం సంది. నెలనెలా పోయి తెచ్చుకుంటడు. తెచ్చి బీరువా మీద వెడ్తడు. నీకు చెప్తే నా మీద ఒట్టే అన్నడు. నేను ఇన్ని రోజులు ఒట్టు మోసిన. ఇగ మోయను. నిన్న రాత్రి మళ్ల దగ్గిండు."

ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టాను. మా ఇద్దరి మధ్య అంత పెద్ద మాటలు అంతకు ముందు ఎన్నడూ రాలేదు.

"గింత పని నాకు చెప్పకుంట జేస్తవా?"

"చెప్తే ఏమంటవో నాకు తెల్వదా బాపు? అందరి ముంగట సాక్ష్యం చెప్పిన. మళ్ల ఇంటికొచ్చి గోలీ మింగితే ఏమన్నట్టు?"

"మింగితే గోలీ మింగినట్టు."

"నా మాట అబద్ధం గాదా? అబద్ధం జెప్పి మళ్ల ఆదివారం అదే నోటితోని వాక్యం ఎట్ల చెప్పాలె?"

"బస్సు బ్రేకులు చూపించుకుంటవా లేదా? ప్రార్థన చేసి ఎక్కుతున్న, బ్రేకులు ఎందుకంటవా?"

"బస్సు వేరు. నువ్వు డిపోల చార్టు వేసినట్టు కాదు విశ్వాసం. గీతలు గీసి గడులల్ల నింపనీకి రాదు."

అది గట్టిగా తగిలింది. నేను లేచి బయటకు వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. నాకు అప్పుడు అర్థమైంది ఏమిటంటే, వాడు దేవుని మీద నమ్మకంతో మందులు మానలేదు. నమ్మకం ముందు, మానడం తర్వాత అయితే అది ఒక తీరు. వీడు ముందు మాట అనేశాడు. ఆ మాట అబద్ధం కాకుండా ఉండడానికి తర్వాత మాత్రలు మానేశాడు. తన ఊపిరితిత్తులు పెట్టి ఆ ఒక్క మాటను కాపాడుతున్నాడు.

నేను అయ్యగారికి ఫోన్ చేస్తానన్నాను. చేస్తే ఇల్లు విడిచిపోతానన్నాడు. నలభై దాటిన కొడుకు అంటే ఏం చేస్తాం. రాణి ఆ వారం నాతో మాట్లాడలేదు, వాడితో ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. వంట చేసి గిన్నెలు మా ముందు పెట్టి వెళ్లిపోయేది. ముగ్గురం ఒకే ఇంట్లో వేరువేరుగా ప్రార్థన చేసుకున్నాం.

*

జూన్. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే వాడు బస్సు దిగి రోడ్డు పక్కన దగ్గితే రక్తం పడింది. మళ్లీ సలీమే. ఈసారి వాడి ముఖానికి మాస్కు కట్టి, దవాఖాన దాకా తెచ్చి, మాకు ఫోన్ చేశాడు. మేము పోయేసరికి వాడి పక్కనే కూర్చుని ఉన్నాడు.

"బాపు, నీ కొడుకుకు మూతి మూసుకోవాలంటే గింత జబ్బు రావాలె," అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

మందులిచ్చే సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితాలు చూసి, "నెలనెలా తీసుకపోయినవు గదా," అన్నాడు. అంతే. మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుందని, పాత మందు లొంగదీస్తుందో లేదో పరీక్ష వచ్చేదాకా చెప్పలేనని అన్నాడు. లొంగకపోతే? ఆ ప్రశ్న రాణి అడిగింది. ఆయన ఒక కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోమన్నాడు.

పరీక్ష గది బయట ఆరుబయట బెంచీ మీద ప్రసాద్‌ను కూర్చోబెట్టాం. ఎదురుగా వేరే వరసలో కాలికి గుడ్డ చుట్టుకుని ఒకామె కూర్చుంది. తల ఎత్తితే మార్తమ్మ.

"వందనాలయ్యా," అంది లేవబోతూ. "నేను దవాఖానల ఉన్ననని నీకు ఎవరు చెప్పిన్రు? నన్ను చూడనీకి వచ్చినవా?"

ప్రసాద్ దవాఖానకు ఎప్పుడు వచ్చినా ఎవరినో చూడడానికే వచ్చేవాడు. ఆమెకు వేరే ఆలోచన రాలేదు.

"కాలుకేమైంది అమ్మా?" అని నేను అడిగాను.

"పుండైంది. మానుతలేదు. షుగర్ మస్తు పెరిగిందట." ఆమె గొంతు తగ్గించింది. "అయ్య సాక్ష్యం జెప్పిన దినం నుంచి నేను గూడ షుగర్ గోలీలు బంద్ వెట్టిన. ఈయనకు నయం జేసినాయన నాకు జెయ్యడా అనుకున్న. గాని నాకు గంత విశ్వాసం లేకపాయె. నాదే తక్కువ."

ప్రసాద్ వంగిపోయాడు. మళ్లీ దగ్గు వచ్చిందేమోనని రాణి వీపు మీద చెయ్యి వేసింది. దగ్గు కాదు.

తల ఎత్తి, అంత దూరం నుంచే అన్నాడు, "మార్తమ్మా, నేను నిన్ను చూడనీకి రాలే. నాకు టీబీ. అప్పుడు గూడ టీబీయే, నిమ్ము గాదు. గోలీలతోనే తక్కువైంది. నువ్వు అడిగిన దినం గూడ పొద్దున మింగే వచ్చిన. నీ విశ్వాసం తక్కువ గాదు. నేను జెప్పింది తప్పు."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే.

"మరి నాకు అప్పుడే చెప్పకపోతివి?"

నర్సు వచ్చి ఆమెను కట్టు కట్టడానికి లోపలికి తీసుకుపోయింది.

మేము బయలుదేరేముందు మందులిచ్చే సారు ఇంకొక మాట చెప్పాడు. ఇంట్లోవాళ్లకే కాదు, వీడితో మూసిన గదిలో గంటలు గంటలు కూర్చున్న వాళ్లందరికీ పరీక్ష చేయాలి. పిల్లలతో సహా. అంటే సంఘమంతా. సెలవుల బడికి వచ్చిన పిల్లలంతా.

ఇంటికి వచ్చాక నేనన్నాను, "ఒక కాగితం మీద రాసియ్యి. ఆదివారం నేను చదువుత. నువ్వు రావద్దు."

"నోటితోని చెప్పిన బాపు. నోటితోనే తీసుకోవాలె."

*

ఆ ఆదివారం. ప్రసాద్ గదిలోకి రాలేదు. పాటలు అయ్యాక కిటికీ బయట, కొంచెం దూరంగా, మాస్కు కట్టుకుని నిలబడ్డాడు. లోపల అందరూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. రేకులు కాగుతున్నాయి. నేను వాక్యం చదివి పక్కకు జరిగాను.

వాడు దవాఖానలో మార్తమ్మకు చెప్పిందే చెప్పాడు. ఇంకా తక్కువ మాటల్లో. మార్తమ్మ పేరు చెప్పలేదు. ఆమె కాలు చాపుకుని వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

మొదట ఏసోబు లేచాడు. "అంటే అన్నా, అప్పుడు జెప్పింది అబద్ధమా?"

"దగ్గు నిలబడ్డది నిజం. బతికిన, అది నిజం. మందులు అవసరం లేదన్నది అబద్ధం."

"మరి మేము కొట్టిన చప్పట్లు?"

"మీరు దేవునికి కొట్టిన్రు. నేను నాకనుకున్న."

"దేవుడు నయం జెయ్యలేదంటవా మరి?"

"చేస్తుండె. నడుమల నేనే అడ్డం వచ్చిన." వాడు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకటి. ఎవరన్న నన్ను జూసి మందులు బంద్ వెడితే ఇయ్యాలనే మొదలువెట్టున్రి. రేపు పొద్దున అందరు దవాఖానకు రావాలె. పిల్లలను తీసుకొని. నా దగ్గు మీరందరు పీల్చిన్రు."

సువార్తమ్మ పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుంది. ఒకామె కూతురి నోటికి కొంగు అడ్డం పెట్టింది, ఇప్పుడు పెట్టి లాభం లేదని తెలిసీ. ఎవరో వెనక నుంచి, "నిమ్ము అంటిరి గదా," అన్నారు. ఆ మాట నన్ను ఉద్దేశించి. సంఘంలో లెక్కకు పెద్దను నేనే.

ఏసోబు చెప్పులు వేసుకుని, భార్యాపిల్లలను తీసుకుని, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోయాడు. కిటికీ దగ్గర ప్రసాద్‌ను దాటేటప్పుడు తల తిప్పుకున్నాడు. మరి రెండు కుటుంబాలు అతని వెనకే వెళ్లాయి. మిగతావాళ్లు నా వైపు చూశారు. నేను ముగింపు ప్రార్థన చేశాను. ఏమని చేశానో గుర్తులేదు.

ఇంటికి వచ్చాక రాణి వాడి ముందు నీళ్లు, మాత్రలు పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడింది. వాడు మింగాక, చాలా రోజుల తర్వాత వాడితో మాట్లాడింది. "అన్నం దింటవా?"

*

మరునాడు పొద్దున. దవాఖాన తెరవకముందే మేము ముగ్గురం వెళ్లి ఆవరణలో చెట్టు కింద కూర్చున్నాం. ప్రసాద్ మాకు దూరంగా. సాగర్ రోడ్డు మీద మన్నెగూడ వైపు నుంచి బస్సు వచ్చి ఆగినప్పుడల్లా రాణి లేచి చూసి కూర్చునేది. చీటీలు రాయడం మొదలైంది. ఎవరూ రాలేదు.

"రారు," అన్నాడు ప్రసాద్.

"కూసో. మాట్లాడకు," అంది రాణి.

ఎండ కాళ్ల దాకా వచ్చాక ఒక ఆటో లోపలికి వచ్చింది. ముందు మార్తమ్మ దిగింది, ఒక చేత్తో ఆటో పట్టుకుని. తర్వాత సువార్తమ్మ, పిల్లలు. చివరికి డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్న ఏసోబు. దాని వెనక ఇంకో ఆటో. నిన్న అతని వెనక వెళ్లిపోయిన రెండు కుటుంబాల్లో ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. వస్తారని మేము ఆశ పెట్టుకున్న మరికొందరు కూడా రాలేదు. వచ్చినవాళ్లు గుంపుగా నిలబడ్డారు, మా దగ్గరికి రాలేదు.

పిల్లలకు, మిగతావాళ్లకు ఛాతీ ఎక్స్‌రే ఫోటోలు తీయడానికి లోపలికి పిలిచారు. దగ్గు ఉన్నవాళ్లు ఎవరని మందులిచ్చే సారు అడిగితే ఏసోబు చెయ్యి ఎత్తాడు. కొన్ని వారాలుగా ఉందట, మాకెవరికీ చెప్పలేదు. ఇంకా ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన. వాళ్లకు చిన్న డబ్బీలు ఇచ్చి, బయట గాలి వచ్చే చోట నిలబడి లోపలి కఫం తీసి ఇమ్మన్నారు.

వాళ్లు చెట్టు అవతల వరసగా నిలబడి అవస్థపడ్డారు. ఉమ్మి వస్తోంది, కఫం రావడం లేదు. ఏసోబు డబ్బీలోకి చూసి, మూత పెట్టి, మళ్లీ తీసి చూశాడు. చివరికి ప్రసాద్ వైపు తిరిగాడు. నిన్నటి తర్వాత మొదటి మాట.

"ఏందన్నా ఇది, రానప్పుడు రాత్రంత వస్తది, రమ్మంటే వస్తలేదు. ఎట్ల తియ్యాలె?"

ప్రసాద్ లేచి నిలబడ్డాడు. దగ్గరికి పోలేదు. మాస్కు సరిచేసుకుని, ఉన్నచోటి నుంచే కుడి చెయ్యి పైకెత్తాడు.

"నన్ను జూడున్రి. నిమ్మళంగ ఊపిరి తీసుకోన్రి. ఇంక లోపలికి. ఆపున్రి. మళ్ల ఒక్కసారి. ఆపున్రి."

నలుగురూ డబ్బీలు గడ్డం కింద పట్టుకుని, వాడి చేతినే చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాడు చెయ్యి కిందికి దించాడు. అందరూ ఒక్కసారే దగ్గారు.